ఏడో బోనులో కుందేలు

"ఏటి మరదలా, కుందేలు దగ్గర వాంగ్మూలం తీసుకోడానికొచ్చినావా?"

మా బావ ఎల్లారావు నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. జీపు గేటు లోపల, టోపీ బల్ల మీద, చేతిలో వాళ్ళిచ్చిన టీ. సర్కిల్ ఇన్‌స్పెక్టరు కదా, ఎక్కడికెళ్ళినా ముందు టీ వస్తుంది. నన్ను మాత్రం వాచ్‌మన్ గేటు దగ్గరే నిలబెట్టి, ఎవరు కావాలి, ఏం పని అంటూ నా ప్రాణం తీశాడు. తాయారు డిటెక్టివ్ ఏజెన్సీ అన్న కార్డు చూపిస్తే ముసిముసిగా నవ్వాడు. నవ్వనీ. పోర్టు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్ళు ఊరందరి గొంతులూ విన్నదాన్ని. మనిషి ఎక్కడ నిజం చెబుతున్నాడో, ఎక్కడ మింగుతున్నాడో నాకు చెవిలోనే తెలిసిపోతుంది. ఈ మాటంటే వాచ్‌మన్ కంటే మా బావే ఎక్కువ నవ్వుతాడు.

"నువ్వెందుకొచ్చావు బావా? అక్క పొద్దున్నే చేపలు తెమ్మందిగా?"

"తెచ్చి పడీసినానులే. నాను డ్యూటీ మీద వచ్చినాను. నువ్వే, పనీపాటా లేక వచ్చినావు."

చూశారా, ఇదీ వరస! మా అక్కని చేసుకుని పాతికేళ్ళయింది, ఒక్కసారైనా నాతో మర్యాదగా మాట్లాడి ఎరగడు. మాట్లాడితే నాకూ తోచదనుకోండి.

ఆ చోటు విశాఖ నుంచి ఆనందపురం వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రైవేటు రీసెర్చి సెంటరు. పేరు చెప్పను, చంద్రిక చెప్పొద్దంది. చంద్రిక అంటే నాతోపాటు ఎక్స్ఛేంజిలో పనిచేసిన కాంతం కూతురు. నా ఒళ్ళో పెరిగిన పిల్ల. నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి, పెట్టిన కాఫీ ముట్టకుండా, "పిన్నీ, నేను దొంగనంట" అంది. అందుకే ఈ పొద్దున్నే బయల్దేరి వచ్చాను.

సంగతేమిటంటే, చంద్రిక నాలుగేళ్ళుగా ఇక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. తను తయారు చేసిన మందొకటి మొదట బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు పనిచేయడం లేదు. మొదటి ఫలితాలన్నీ దొంగ ఫలితాలేనని ఆమె గైడు శివరామకృష్ణ గారు పైవాళ్ళకి చెప్పాడు, పోలీసులకీ చెప్పాడు. సోమవారం కమిటీ కూర్చుంటుంది. ఆ లోపల నిజమేదో తేలకపోతే చంద్రిక డిగ్రీ పోతుంది, పేరూ పోతుంది. ఈ రోజు శనివారం.

శివరామకృష్ణ గారి గదిలో నలుగురం కూర్చున్నాం. ఆయన తెల్లచొక్కా నలగకుండా, చేతులు బల్ల మీద జోడించుకుని ఉన్నాడు. చంద్రిక గోడవారగా ఒక కుర్చీలో ముడుచుకుంది.

"ముందు ఆ మందేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా" అన్నాను.

"మందు కాదు పిన్నీ, యాంటీబాడీ." పని మాట ఎత్తగానే పిల్ల గొంతుకి కాస్త బలం వచ్చింది. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ పాడైపోయిన ప్రొటీన్లుంటాయి. వాటిని పారేయాలంటే ముందు వాటి మీద ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు పేరు యుబిక్విటిన్. గుర్తు పెట్టేది ఇంకో ప్రొటీను, దాన్ని లైగేజ్ అంటారు."

"కూలగొట్టాల్సిన గోడల మీద మునిసిపాలిటీ వాళ్ళు ఎర్రరంగు కొట్టిపోతారే, అలాగా?"

"అలాగే. ఆ రంగు కొట్టే మనిషి సరిగ్గా పనిచేయకపోతే కణంలో చెత్త పేరుకుపోతుంది. చేతులు వణికే జబ్బు కొందరికి అందుకే వస్తుంది. అందుకని ఆ మనిషి ఎక్కడున్నాడో, ఎంతమంది ఉన్నారో పట్టుకోవాలి. పట్టుకునేదే యాంటీబాడీ. దాన్ని కుందేలు తయారుచేస్తుంది. ఆ ప్రొటీను ముక్కని కుందేలికి ఇంజెక్షన్ ఇస్తే, దాని రక్తంలో యాంటీబాడీలు పుడతాయి. ఆ రక్తంలోంచి తేటగా ఉండే సీరం తీసి వాడితే, పరీక్ష పొర మీద లైగేజ్ ఉన్నచోట నల్లగీత వస్తుంది."

"అయితే మీ కుందేలూ నాలాంటి డిటెక్టివేనన్నమాట."

"నీకంటే నయం. అది మాటాడదు" అన్నాడు మా బావ.

చంద్రిక నిన్నటి నుంచీ మొదటిసారి నవ్వింది. అందుకోసం మా బావని క్షమించేశాను.

"ఆ కుందేలు పోతే ఇంకో కుందేలికి అదే ఇంజెక్షన్ ఇచ్చుకోవచ్చుగా?"

"ఇవ్వొచ్చు. కానీ అదే రాదు. ఇది పాలీక్లోనల్. ఒక్కో కుందేలి ఒంట్లో ఒక్కో రకంగా, ఎన్నో యాంటీబాడీలు కలిసి పుడతాయి. అదే చేప, అదే చింతపండు ఇచ్చినా నీ పులుసూ అమ్మ పులుసూ ఒకటవుతాయా? ఆరు కుందేళ్ళకి ఇచ్చాం. వాటిలో ఏడో నెంబరు బోనులోది ఒక్కటే అంత బాగా చేసింది. అది పోతే ప్రపంచంలో ఆ సీరం మళ్ళీ ఉండదు."

"గీత రావడం ఎప్పుడు ఆగిపోయింది?"

"వినాయక చవితికి ముందు. ఫ్రీజర్‌లో దాచిన సీసాలే, అంతకుముందు నేనే వాడినవి. ఉన్నట్టుండి ఒక్కటీ పనిచేయలేదు. పొర మీద ఏమీ లేదు, తెల్లగా ఉంది."

"ఆ ఫ్రీజరు తాళాలు?"

"నా దగ్గరొకటి, సార్ దగ్గరొకటి."

నేను శివరామకృష్ణ గారి వైపు తిరిగాను. ఆయన తొణకలేదు. "సీరం పాడైపోవచ్చు మేడమ్. లేదా మొదటి నుంచీ ఏమీ లేకపోవచ్చు. కుందేలు వల్ల ఉపయోగం లేదని తేలింది కాబట్టి, దసరా సెలవుల్లో దాన్ని తీసేయమని చెప్పాను. అది ఇక్కడ మామూలే. పరిశోధనలో జాలికి చోటుండదు."

"తీసేయమంటే చంపేయమనే కదా?"

"మత్తు ఇంజెక్షనుతో. నొప్పి ఉండదు."

చంద్రిక తల దించుకుంది. "నేను సెలవు మధ్యలోనే వచ్చేశాను పిన్నీ. ఇంకా తీసేయలేదు. ఒక్కసారి, ఆఖరిసారి కొత్త రక్తం తీసి చూస్తానని బతిమాలాను. తీశాను. అందులోనూ గీత రాలేదు." కళ్ళు తుడుచుకుంది. "అప్పుడు నా మీద నాకే అనుమానమొచ్చింది. సార్ పాపం మంచివారు. నమ్మలేక మళ్ళీ చెయ్యమన్నారు. మళ్ళీ మళ్ళీ చేయించారు. ఆయన కూడా పక్కనే నిలబడ్డారు. ముఖం తెల్లబోయింది. ఇక లాభం లేదని తెలిశాక, కుందేల్ని ఉండనీ, తొందరేం లేదు అన్నారు."

"రాలేదని తెలిసినప్పుడు మీకేమనిపించింది సార్?" అన్నాను.

"బాధేసింది." ఆ మాటకి ముందు చిన్న ఖాళీ వచ్చింది. ట్రంకు కాల్ కలిసేముందు వచ్చేలాంటి ఖాళీ. నేను దాన్ని మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

మా బావ లేచాడు. "సాలు మరదలా, పాఠం అయిపోనాది. ఈ పిల్లని టేసనుకి తీసుకెల్లి స్టేట్‌మెంటు రాయించుకుంటాను."

"కుందేల్ని చూడకుండానా?"

"కుందేల్ని సూసి ఏటి సేత్తావు? కూరొండుతావా?"

"బావా, ఈ పిల్లని జీపెక్కించావంటే మీ ఇంట్లో ఈ ఏడాది నా చేతి ఆవకాయ ఉండదు. ఆలోచించుకో."

మా బావకి ప్రభుత్వమంటే భయం లేదు, ప్రెస్సంటే భయం లేదు. ఆవకాయంటే ఉంది. "పది నిమిసాలు" అని గుర్రుగా నా వెనకాలే వచ్చాడు. శివరామకృష్ణ గారు తనకి పనుందని గదిలోనే ఉండిపోయాడు.

కుందేళ్ళ గది వెనక వైపు. రెండు వరసల ఇనప బోన్లు, ప్రతి బోనుకీ ఒక నెంబరు బిళ్ళ. అన్నీ తెల్లకుందేళ్ళే, అన్నిటికీ ఎర్రకళ్ళే. వాటిని చూసుకునే పోతమ్మ చీపురు పక్కనపెట్టి నిలబడింది. నలభై దాటిన మనిషి, రోజూ దగ్గర్లో ఉన్న పద్మనాభం ఊరి నుంచి బస్సులో వస్తుంది. చంద్రికని చూడగానే ఆమె కళ్ళు నేల మీదకి పోయాయి.

"వీటిలో మీ కుందేల్ని ఎలా గుర్తుపడతావు?" అని చంద్రికని అడిగాను.

"బోను నెంబరు చూస్తాం. ఏడు."

"కుందేల్ని చూడరా?"

"అన్నీ ఒకేలా ఉంటాయి కదా పిన్నీ. నెంబరే చూస్తాం. ఇక్కడందరం అంతే."

ఏడో బోను ముందు కూర్చున్నాను. మేత గిన్నెలో గుళికలు నిండుగా ఉన్నాయి. పక్క బోన్లన్నిటిలో గిన్నెలు అడుగు కనిపిస్తున్నాయి. ఏడో బోను మూలలో మాత్రం గడ్డికింద రెండు కొత్తిమీర కాడలున్నాయి.

"వీటికి ఆకుకూరలు పెడతారా?"

"అస్సలు పెట్టకూడదు" అంది చంద్రిక. "గుళికలే. పోతమ్మే మాకు చెబుతుంటుంది ఆ రూలు."

"ఏటి, కొత్తిమీర దొంగతనం కేసా?" అన్నాడు మా బావ, వెనక నుంచి.

నేను చంద్రిక వైపు తిరిగాను. "చంద్రికా, రక్తం ఎక్కణ్ణుంచి తీస్తావు?"

"చెవి అంచున ఉండే నరం నుంచి. ఎప్పుడూ ఎడమ చెవే. ఏడాదిగా తీస్తున్నాం కాబట్టి ఆ అంచంతా గట్టిపడి, చిన్నచిన్న మచ్చలు పడిపోయాయి."

"ఆఖరిసారి కూడా ఎడమ చెవేనా?"

ఆలోచించింది. "కాదు. కుడిచెవి. ఎడమది వాచిందని పోతమ్మ చెప్పింది. తువ్వాల్లో చుట్టి, కుడిచెవి బయటకి పెట్టి పట్టుకుంది. నేనూ సరిగ్గా చూడలేదు పిన్నీ. దాన్ని చంపేస్తారని తెలుసు కదా, దాని ముఖం చూడలేకపోయాను."

"తలుపు తియ్యి."

పోతమ్మ కదల్లేదు. చంద్రికే తీసింది. నేను ఆ కుందేలి ఎడమ చెవిని రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ వైపు తిప్పాను. వెలుగులో గులాబీరంగు రేకులాగా మెరిసింది. నరం సన్నగా, తిన్నగా ఉంది. వాపు లేదు, మచ్చ లేదు, సూది దిగిన జాడే లేదు.

"బావా, ఇలా రా. నీ కళ్ళతో నువ్వే చూడు."

వంగి చూశాడు. చంద్రిక మాటలు తనూ విన్నాడు కదా, పోలీసు బుర్ర తిరిగింది. "ఓర్నాయనో! ఇది వేరే కుందేలు!"

చంద్రిక బోను ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అందుకేనా గీత రాలేదు? అయితే... నాది తప్పు కాదా పిన్నీ?"

"కాదే తల్లీ" అన్నాను. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవాలనిపించలేదు.

మా బావ అప్పటికే గొంతు పెంచాడు. "ఎవడు మార్సినాడు? ఎవడికమ్మినాడు? ఈ గదిలోకి ఎవులెవులొత్తారు? అందర్నీ లైన్లో నిలబెట్టండి!"

"ఎవర్నీ నిలబెట్టక్కర్లేదు బావా. అరిచి భయపెట్టకు." నేను పోతమ్మ దగ్గరికెళ్ళి పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. "ఈ కొత్తదానికి గుళికలు అలవాటు లేదు. ఆకలితో చచ్చిపోతుందేమోనని రోజూ కొత్తిమీర తెచ్చి పెడుతున్నావు. రూలు చెప్పేదానివి నువ్వే, తప్పేదానివీ నువ్వే. అసలుది ఎక్కడుందమ్మా?"

పోతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒక్కసారిగా ఏడ్చేసింది.

"దాని పేరు బంగారి అమ్మా. నాను పెట్టినాను. సూదికి చెవి పట్టుకుంటే నా చెయ్యి నాకేది. అంత నెత్తురు తీసినా పల్లెత్తు మాట... నోరు లేనిది కదమ్మా! దసరా సెలవుల్లో దాన్ని తీసెయ్యమన్నారు. సెంద్రికమ్మ కూడా ఊర్లో లేదు. ఆనందపురం జంక్సన్లో పంజరాల్లో పెట్టి అమ్ముతాడొకడు, ఆడి కాడ ఇలాంటిదే తెచ్చి ఇందులో పెట్టీసినాను. బంగారిని సంచీలో యేసుకుని బస్సెక్కిపోనాను."

"ఈ కొత్తదాన్ని చంపుతారని తెలీదా?" అన్నాడు బావ.

"తెలుసు బాబూ. దాన్ని తలుసుకుని కూడా ఏడిసినాను. అందుకే కొత్తిమీర పెట్టినాను." చంద్రిక వైపు తిరిగి చేతులు జోడించింది. "నీ పేరు పోతాదని తెలీదమ్మా. నెత్తురులో ఏదో తేడా ఉంటాదని నాకేటి తెలుసు? రెండూ తెల్లగానే ఉన్నాయి కదా."

చంద్రిక పోతమ్మ చేతులు పట్టుకుని కిందకి దింపింది. "బాగుందా? తింటోందా?"

"పద్మనాభంలో మా ఇంట్లో పొయ్యి పక్కన గంపకింద పెట్టినాను. గుళికలు లేవు కదా, ఆకులు నేర్పినాను. బొద్దుగా అయిపోనాది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వుతూ ఏడుస్తుంటే, మా బావ ముక్కు చీదుకుంటూ బయటికి పోయాడు. దుమ్ము పడిందంట కళ్ళల్లో. ఇన్నేళ్ళ సర్వీసు చేసినా ఆ మనిషి మెత్తదనం పోలేదు, మా అక్క అదృష్టం.

"సోమవారం కమిటీ ముందే బంగారి చెవి నుంచి నాలుగు చుక్కలు తీస్తాను పిన్నీ" అంది చంద్రిక. "చంపక్కర్లేదు. నాలుగు చుక్కలు చాలు. గీత వస్తుంది."

నేను తలూపాను గానీ, లోపల ఏదో ముల్లు గుచ్చుకుంటోంది. పోతమ్మ కుందేల్ని మార్చింది దసరా సెలవుల్లో. ఫ్రీజర్‌లో సీసాలు పనిచేయడం మానేసింది వినాయక చవితికి ముందు. చవితి వచ్చి వెళ్ళిన చాన్నాళ్ళకి గానీ దసరా రాదు. అప్పటికి ఏడో బోనులో ఉన్నది బంగారే. పోతమ్మ చేసిన పనికీ, ఆ సీసాలకీ సంబంధమే లేదు.

"చంద్రికా, సీసాల్లో సీరం మార్చేస్తే చూసి కనిపెట్టగలవా?"

"లేదు. ఏ సీరమైనా లేత పసుపుగానే ఉంటుంది. ఇంజెక్షన్ ఇవ్వకముందు తీసిన రక్తంలోది కూడా పోల్చి చూసుకోడానికి అదే ఫ్రీజర్‌లో పెడతాం. అది దేన్నీ పట్టుకోదు. అది పోసి పెడితే..." ఆగిపోయింది.

"అది పోసి, అసలుది తీసుకుపోతే, ప్రపంచంలో ఉన్న అసలైన సీరమంతా ఆ తీసుకుపోయినవాళ్ళ దగ్గరే ఉంటుంది. రేపు నీ పరిశోధన వాళ్ళ పేరు మీదే బయటికొస్తుంది. అయితే ఒక్క అడ్డు ఉంది. కుందేలు బతికుంటే ఎవరైనా మళ్ళీ తీసుకోవచ్చు."

"కుందేల్ని తీసేయమన్నది..."

"మీ సారే. నువ్వు కొత్త రక్తం తీసి చూస్తే గీత రాలేదు. నువ్వు మోసగత్తెవని నమ్మే మనిషైతే, అలా రాదని ముందే అనుకోవాలి. ఆయన ముఖం తెల్లబోయిందన్నావు. మళ్ళీ మళ్ళీ చేయించాడన్నావు. ఎందుకమ్మా? ఆ రక్తంలో గీత వచ్చి తీరుతుందని ఆయనకి తెలుసు. వచ్చి తన గుట్టు బయటపడుతుందని భయపడుతూ నిలబడ్డాడు. రాకపోయేసరికి ఆ కుందేల్లో ఇంకేం లేదనుకుని వదిలేశాడు. అందుకే ఇది ఇంకా బతికుంది."

చంద్రిక గోడకి ఆనుకుంది. నాలుగేళ్ళు గురువు గారని కాళ్ళకి మొక్కిన పిల్ల. దాని ముఖం చూస్తే ఆ పెద్దమనిషిని ఆ క్షణంలోనే మెట్ల మీదనుంచి తోసేయాలనిపించింది నాకు.

"ఆయనకి ఇప్పుడే ఏమీ తెలియనివ్వకూడదు" అన్నాను. "ముందు బంగారిని మా ఇంటికి తెచ్చేద్దాం. కమిటీ కూర్చునేదాకా అది ఎక్కడుందో మన నలుగురికే తెలియాలి. బావా! బావా, ఎక్కడ చచ్చావు?"

మా బావ తలుపులో ప్రత్యక్షమయ్యాడు. ముఖం కడుక్కుని, టోపీ పెట్టుకుని, పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"అంతా సెటిల్ సేసీసినాను మరదలా. పిల్ల తప్పు లేదని మేడ మీదకెల్లి సారుకి సెప్పీసినాను. కుందేలు దొరికినాది, పద్మనాభంలో పోతమ్మ ఇంట్లో గంపకింద దాసినాది, కంప్లయింటు వాపసు తీసుకోండి అనీసి గట్టిగా సెప్పినాను. ఆయనెంత సంతోషించినాడో! కుర్సీలోంచి లేసి నా చెయ్యి పట్టుకున్నాడు."

నేను స్టూలు మీంచి లేచి అతని ముఖంలోకే చూశాను.

"ఏటలా సూత్తన్నావు? నీకోసమే కదా సెప్పినాను! ఆ పిల్లకోసం!"

"బావా, సీసాలు మార్చింది ఆయనే."

టోపీ తీసేసి బోను మీద పెట్టాడు. పెద్దగా వివరించక్కర్లేకపోయింది, పాతికేళ్ళ పోలీసు. చంద్రిక అప్పటికే పక్క గదిలో ఉన్న మందుల బీరువా దగ్గరికి పరిగెత్తింది. తలుపు బార్లా తీసి ఉంది.

"పిన్నీ, మత్తు ఇంజెక్షన్ పెట్టె లేదు. పొద్దున్న ఇక్కడే ఉంది, నేను చూశాను."

బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే, శివరామకృష్ణ గారి తెల్లకారు గేటు దాటుతోంది. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. కారు విశాఖ వైపు కాదు, పద్మనాభం వైపు తిరిగింది.

"పోతమ్మా, మీ ఇంట్లో ఎవరున్నారు?"

పోతమ్మ గుమ్మం వైపు పరిగెత్తబోయి వెనక్కి తిరిగింది.

"మా అత్త ఒక్కర్తేనమ్మా. దానికి కళ్ళు కనబడవు. ఆపీసు సారొచ్చినాడంటే, తనే గంప ఎత్తి బంగారిని సేతికిచ్చేత్తాది."